మూరెడు నీడ

మిట్ట మధ్యాహ్నం... ప్రచండ భానుడు నడినెత్తిన నిలిచిన వేళ...

ఖియోస్ ద్వీపపు దక్షిణ కొసన లిథారి గ్రామం ఊపిరి బిగబట్టుకొని పడుకుంది. తలుపులు మూసి ఉన్నాయి. కిటికీ రెక్కలు బిగించి ఉన్నాయి. వినిపించేది కీచురాళ్ల రొద ఒక్కటే... అదీ ఉన్నట్టుండి ఆగిపోతోంది... మళ్లీ మొదలవుతోంది! ఈ ఊరివాళ్లకు అర్ధరాత్రి అంటే లెక్కలేదు. అర్ధరాత్రి తాగి పాడుకుంటూ ఇల్లు చేరే ఘనులు వీధికి నలుగురున్నారు. వాళ్లకు భయమంతా ఈ వేళంటేనే. నీడ కాళ్ల కిందికి ముడుచుకుపోయే ఈ గంటలో ఆరుబయట నిలబడితే దాన్ని ఎవరైనా ఎత్తుకుపోతారని ఇక్కడ ప్రతి తల్లీ బిడ్డకు పాలతోపాటే నేర్పుతుంది.

ఆర్గిరోకు ఎవరూ నేర్పలేదు. ఆమె రేవుపట్నం పిల్ల. ఓడ మీద పనిచేసే మొగుడు ఆమెను పెళ్లాడి తెచ్చి, తన తల్లి దగ్గర దింపి, పదో రోజున మళ్లీ ఓడెక్కాడు. మూడేళ్లుగా ఆమె అత్త స్మరాగ్దాతో కలిసి మస్తికి తోట పని చేస్తోంది. మస్తికి చెట్టుకు ఎండాకాలం గాట్లు పెడితే జిగురు బొట్లుబొట్లుగా కారుతుంది. ఆ బొట్లు మట్టిపాలు కాకుండా చెట్టు కింద నేల ఊడ్చి తెల్లమట్టి పరుస్తారు. జులై ఆరో తారీఖున ఒక్క చెట్టు కింద ఆ పని మిగిలిపోయింది. అది తోటలోకెల్లా పాత చెట్టు. దాని జిగురు ఒక్క పలుకు కూడా అమ్మరు, అంతా చర్చిలో ధూపానికే. పనాయియా తల్లి చెట్టు, అంటే దేవమాత చెట్టు, అని దాని పేరు.

"పన్నెండు కొట్టేలోపు వచ్చెయ్," అని చెప్పి అత్త ముందే వెళ్లిపోయింది. కోడలు "సరే" అంది. కానీ పని సగంలో వదిలేస్తే అన్నం సయించని మనిషి. ఆ చెట్టు కొమ్మలు నేలను తాకుతూ ఉంటాయి. వాటి కిందికి దూరి, మోకాళ్ల మీద వంగి, తెల్లమట్టిని అరచేత్తో చదును చేస్తూ ఉండిపోయింది.

ఎండుటాకులు గలగలలాడాయి.

"ఇంత ఎండలో ఏం పనమ్మాయ్?"

మేస్త్రీ ఫోకాస్! ఉత్తరాన కొండల్లోంచి వచ్చినవాడు. మనుషుల్లేక పాడుబడిన పాత ఇళ్లు తీసుకుని బాగుచేస్తాడు. గోడలకు నల్లటి పూత, దాని మీద తెల్లటి సున్నం, ఆపై ఫోర్కుతో గీసి త్రికోణాలు, చందమామలు తేలుస్తాడు. ఆ ఇళ్లలో దిగడానికి దేశదేశాల నుంచి జనం వస్తారు. వాడు ముట్టిన ఇల్లు ఒక్కరోజు కూడా ఖాళీ ఉండదు. వాడు ఒక్కో ఇల్లు ముగించేసరికి ఊళ్లో ఒక్కో మనిషి ఏ రోగమూ లేకుండా పోతున్నాడన్న సంగతి మాత్రం ఎవరూ జతచేసి చూడలేదు.

"ఈ ఒక్క చెట్టూ అయితే వెళ్లిపోతాను మేస్త్రీ. మీరేంటి ఇటు?"

"తెల్లమట్టి కోసం వచ్చాలే. అలాగే ఉండు, కదలకు. నీ వీపు మీద తేలు పాకుతోంది."

ఆర్గిరో బిగుసుకుపోయింది. కళ్లు మూసుకుంది. ఆ కాసేపట్లో ఫోకాస్ జేబులోంచి గోడకట్టు దారం తీశాడు. తెల్లమట్టి మీద ఆమె మడమ దగ్గర నుంచి తల నీడ దాకా సాగదీసి పట్టాడు... మూరెడు! రెండు కొసలా రెండు ముళ్లు వేసి తెంపాడు.

"పోయింది. తేలు కాదు, ఎండుటాకు," అన్నాడు. నవ్వుకుంటూ వెళ్లాడు.

ఆ సాయంత్రమే వాడు కొత్తగా బాగుచేస్తున్న ఇంటి గడప రాయి ఎత్తాడు. కింద గూడులో ఒక కపాలం! వాడిని కన్నతల్లి కపాలం! ఆచారం ప్రకారం సమాధి తవ్వి ఎముకలు కడిగి భద్రపరిచే రోజున అందరి కళ్లూ కప్పి తెచ్చుకుని, ఇంటింటి గడప కిందికీ మారుస్తున్నది. వాడు మొట్టమొదట కట్టిన గోడలో కలిపింది ఆమె నీడనే. ఆ కపాలానికి ఆర్గిరో నీడ దారం చుట్టి, నల్లకోడి నెత్తురు చిలకరించి, రాయి యథాస్థానంలో దింపాడు. అప్పటి నుంచి నలభై రోజులు. నలభయ్యో రోజు మిట్టమధ్యాహ్నం ఆ దారం కొలిచిన మనిషి ప్రాణం విడుస్తుంది. నీడ మాత్రం గోడలో ఉండిపోయి ఆ ఇంటిని కాస్తుంది, కల్పాంతం వరకూ...

*

మూడో రోజున ఆర్గిరో ఆలివ్ కాయ కొరికితే రుచి తెలియలేదు. ఆరో రోజున గుడ్డ లేకుండా వట్టి చేత్తో పొయ్యి మీది గిన్నె దించింది. అరచేయి బొబ్బలెక్కింది. ఆ బొబ్బల వంక చూసి, చెయ్యి కడుక్కుని, వడ్డించడానికి కూర్చుంది.

"ఏమే, ఉప్పు డబ్బా గుమ్మరించావా?" అంది స్మరాగ్దా, చెంచా కింద పెట్టి. "నా కొడుకు ఓడ కింద ఉన్న నీళ్లు ఇంతకంటే నయం."

మామూలుగా అయితే "మీ కొడుకునే వచ్చి వండమనండి" అనేది కోడలు. మూడేళ్లుగా ఆ వంటింట్లో ఒక మాటకు పది మాటలు పడేవి. ఇద్దరికీ అదే కాలక్షేపం. ఆర్గిరో తల ఎత్తకుండా రొట్టె తుంచుతూ ఉండిపోయింది. అత్త కాసేపు చూసింది. జవాబు రాకపోవడంతో ఆ ఉప్పు కషాయమంతా తాగేసింది.

మొగుడు ఫోన్ చేశాడు. రావడం ఇంకో నాలుగు నెలలు ఆలస్యం అవుతుందన్నాడు. కిందటిసారి ఇదే మాటకు ఆమె రెండు రోజులు ఏడ్చింది. ఇప్పుడు "సరే" అని ఫోన్ పెట్టేసింది. ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించడం లేదన్న సంగతి కూడా ఆమెకు పట్టలేదు.

జులై పదిహేనున చెట్లకు తొలి గాట్లు పెట్టారు. పనాయియా తల్లి చెట్టుకు గాటు పెట్టే హక్కు ఇంటి పెద్దదానిది. స్మరాగ్దా చిన్న ఇనుప ములుకుతో బోదె మీద ఐదు గాట్లు పెట్టి, శిలువ గుర్తు వేసుకుంది. చుక్క రాలేదు. పక్క చెట్లన్నీ కారుతున్నాయి. అదొక్కటే పొడిగా ఉంది. "ముసలిదైంది, నాలాగే," అనుకుంది. ఆ రోజే స్నానం చేస్తూ ఆర్గిరో తన ఎడమ చేతి మీద ఐదు గాట్లు చూసుకుంది. కొమ్మ గీరుకుని ఉంటుందనుకుని పైచొక్కా తొడుక్కుంది.

ఆగస్టు వచ్చింది. పదిహేనున వచ్చే పనాయియా తల్లి పండుగకు ముందరి ఉపవాసాలు మొదలయ్యాయి. ఫోకాస్ కొత్త ఇంట్లో అప్పుడే అతిథులు దిగారు. ఒక సాయంత్రం వంటింట్లో కూర్చుని చిన్న టమాటాలు దారానికి గుచ్చుతున్న ఆర్గిరో ఉన్నట్టుండి ఎదురుగా ఉన్న వట్టి గోడ వైపు తిరిగి నవ్వింది.

"రండి, రండి. ప్రయాణం బాగా జరిగిందా? చల్లటి నీళ్లలో మస్తికి తీపి కలిపి ఇమ్మంటారా?"

ఆ గొంతు ఆమెది కాదు! ఒకే నోట నలుగురు పలికినట్టుంది... అందులో ఒక గొంతు, కిందటేడు చలికాలంలో పోయిన కుమ్మరి థెమెలిస్‌ది! స్మరాగ్దా చేతిలోని బుట్ట జారిపోయింది.

ఆర్గిరో ఆ ఇంటిని చూస్తోంది. గోడ లోపలి నుంచి చూస్తోంది. తెల్లజుట్టు ఆయనా, టోపీ ఆవిడా సంచులు దించుకుంటున్నారు. "ఎంత హాయిగా ఉంది, ఎవరో మనల్ని కనిపెట్టుకుని ఉన్నట్టే ఉంది," అని ఆవిడ అంటోంది. ఆ భాష ఆర్గిరోకు రాదు. అయినా అర్థమైంది. ఫోకాస్ కట్టిన గోడలన్నీ లోపల ఒకటే అయినట్టు, ఆమెకు పక్కన కుమ్మరి ఉన్నాడు, ఇంకెవరెవరో ఉన్నారు. కింద, గడప దగ్గర, ఒక ముసలి గొంతు అంటోంది... "జరగండర్రా, పిల్లకు చోటివ్వండి..."

"ఎవరితోనే మాట్లాడుతున్నావు?" అంది స్మరాగ్దా.

"అతిథులొచ్చారు అత్తయ్యా. గడప కింద మేస్త్రీ వాళ్లమ్మ నాకు చోటిమ్మంటోంది," అని ఆర్గిరో మళ్లీ టమాటాలు గుచ్చడంలో పడింది. సూది ఆమె వేలిలోంచి దూరి బయటికొచ్చింది. ఆమె వేలిని కూడా టమాటాలతోపాటే దారానికి ఎక్కించబోతుంటే అత్త పట్టుకుని లాగింది.

మర్నాడు పొద్దువాలాక ఇద్దరూ తోట నుంచి వస్తున్నారు. గాడిద నీడ, గంపల నీడ, ముసలమ్మ నీడ దారి పొడుగునా సాగి ఉన్నాయి. స్మరాగ్దా కోడలి కాళ్ల వైపు చూసింది. ఆర్గిరో నీడ మూరెడే ఉంది.

ముసలమ్మ ఈ ఊళ్లో పుట్టిన మనిషి. ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. గాడిద తాడు బిగించి పట్టుకుని నడక సాగించింది.

*

పండుగకు ముందురోజు, ఆగస్టు పద్నాలుగున, స్మరాగ్దా నల్ల ముసుగు బిగించి ఫోకాస్ కొత్త ఇంటికి వెళ్లింది. కోడలు వంటింట్లో కుర్చీలో కూర్చుని ఉంది. కూర్చున్నచోటి నుంచే, గోడ కళ్లతో, అంతా చూసింది.

గడప పక్కన అతిథుల పిల్ల ఒకతె గోడ మీంచి ఏదో గిల్లి నములుతోంది. స్మరాగ్దా వంగి చూసింది. నలుపు తెలుపు గీతల మధ్య సున్నంలోంచి బొట్లు ఊరి నిలిచాయి. ఒకటి తుంచి నోట్లో వేసుకుంది. డెబ్భై ఏళ్లుగా జిగురు రుచి చూస్తున్న నోరది. ఏ చెట్టుదో కూడా చెప్పగలదు. ఇది పనాయియా తల్లి చెట్టుది.

"రండి స్మరాగ్దమ్మా," అంటూ ఫోకాస్ బయటికొచ్చాడు. "ఇల్లు బాగుందా?"

"నా కోడలి నీడ తీశావు."

ఫోకాస్ అటూ ఇటూ చూశాడు. దాచాలన్న తాపత్రయం కూడా లేదు వాడిలో.

"తీశాను. పగలగొడతావా? గునపం నేనే ఇస్తాను. దారం తెగిన క్షణాన నీ కోడలు ఉన్నచోటే కూలుతుంది."

"ఏం పాపం చేసిందిరా నీకు?"

"ఏ పాపమూ లేదు. పన్నెండు దాటాక బయట ఉంది, అంతే. ఈ ఊరి సంగతి చూడు. కుర్రాళ్లంతా ఓడలెక్కారు. ఇళ్లన్నీ పడిపోతున్నాయి. ఇప్పుడు సందు సందుకూ దీపాలున్నాయి, జనం ఉన్నారు. ఎవరి వల్ల? ఇంటికి ఒక్క మనిషి. ఎక్కువడిగానా?"

"నీ అమ్మ కూడా ఆ లెక్కలోకే వచ్చిందా?"

వాడు నవ్వు ఆపేశాడు. "రేపు పండుగ. ఈ ఊళ్లో ఎవరూ ఇనుము ముట్టుకోరు. నువ్వసలే ముట్టవు. లెక్క చూసుకునే కట్టాను. పో, కోడలికి మంచి బట్టలు తీసి పెట్టుకో."

స్మరాగ్దా ఇల్లు చేరేసరికి ఆర్గిరో కుర్చీలోంచి కదల్లేదు. అత్త నోరు తెరవకముందే, ఫోకాస్ గొంతుతో, "ఇంటికి ఒక్క మనిషి. ఎక్కువడిగానా?" అని మొదలుపెట్టి వాడన్న మాటలన్నీ వరసగా అప్పజెప్పింది. ఆఖరున తన గొంతుతో, "ఏ బట్టలు కట్టుకోను అత్తయ్యా?" అనడిగింది.

ముసలమ్మ కోడలి ఎదురుగా నేల మీద చతికిలబడింది. కోడలి ఎడమ చెయ్యి ముందుకు లాగి చొక్కా మడత పైకి తోసింది. ఐదు గాట్లు. తను చెట్టుకు పెట్టినవే, అదే వరసలో, అదే ఏటవాలులో.

"వాడు కొలిచినప్పుడు ఎక్కడున్నావు?"

"పనాయియా తల్లి చెట్టు కింద. మోకాళ్ల మీద."

"కొమ్మల లోపలా?"

"లోపలే."

స్మరాగ్దా ఆ ఐదు గాట్లనూ వేలితో ఒక్కొక్కటిగా తడిమింది. తరవాత మెల్లగా, తనలో తను అనుకుంటున్నట్టు అంది. "కొండల్లో మస్తికి లేదు. వాడికేం తెలుసు. ఆ కొమ్మల కిందికి దూరితే మనిషి నీడ వేరు, చెట్టు నీడ వేరు ఎక్కడుంటుంది? ఒక్క దారంతో ఇద్దర్నీ కొలిచాడు దరిద్రుడు. అందుకే చెట్టుకు గాటు పెడితే గోడకు జిగురు కారింది. నీకు చెయ్యి తెగింది."

"అయితే?"

"అయితే రేపు మధ్యాహ్నానికి ముందు దానికి ఇంకా గాట్లు పెడతాను. జిగురు ఆ గడప కిందికి దిగాలి. దారం చుట్టూ గట్టిపడాలి. మన జిగురు మూసిన పురుగుకు గాలి కూడా అందదు. ఇంక దారం ఆ ఇంటికి అందదు." కోడలి చొక్కా మడత కిందికి దింపింది. "గాట్లన్నీ నీ ఒంటి మీదే పడతాయే."

"నాకు నొప్పి తెలియదు అత్తయ్యా."

"అదే నా ఏడుపు," అంది స్మరాగ్దా.

*

పండుగ గంటలు మోగుతున్నాయి. ఊరంతా చర్చిలో ఉంది. పనాయియా తల్లి పండుగనాడు ఆమె చెట్టుకే ఇనుము తాకించడమంటే ఈ ఊళ్లో చేతులు పడిపోయేంత పాపం. డెబ్భై ఆరేళ్లలో ఒక్క పండుగ పూజ కూడా తప్పని స్మరాగ్దా ఆ పొద్దున కోడలి రెక్క పట్టుకుని తోటకు నడిపించింది. ఆర్గిరో పచ్చ రంగు పెళ్లి గౌను వేసుకుంది. ఏం కట్టుకుంటే ఏం అనిపించి, చేతికందింది వేసుకుంది.

ఆమెను చెట్టు కింద తెల్లమట్టి మీద బోర్లా పడుకోబెట్టింది అత్త. ములుకు తీసింది.

"తల్లీ, ఈ చేతులు తరవాత తీసుకో. ముందు పని కానివ్వు," అని చెట్టుతోనే అని, తొలి గాటు పెట్టింది.

ఆర్గిరో భుజం మీద పచ్చ గుడ్డ చీలింది. నెత్తురు సన్నగా గీతలా వచ్చింది. ఆమె తెల్లమట్టి మీద చెంప ఆనించి చూస్తూ ఉంది. మట్టిని కాదు... ఆ ఇంటిని. గోడ లోపలి నుంచి. గడప మీద ఫోకాస్ వైన్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. అతిథులు పండుగ చూడటానికి వెళ్లారు. వాడు ఎండ వంక చూస్తున్నాడు, తన నీడ వంక చూస్తున్నాడు. నీడ ఇంకా రెండు మూరలుంది.

పది గాట్లు. ఇరవై. బోదెకు ఎంత లోతు, ఎంత ఎడం పెట్టాలో స్మరాగ్దా చేతికి తెలుసు. లోతు మించితే చెట్టు చస్తుంది. ఇప్పుడు చెట్టుతోపాటు ఇంకెవరు చస్తారో కూడా తెలుసు. చెయ్యి తప్పితే గాటు పాడవుతుంది. ఏడ్చింది కూడా కళ్లతోనే, చేతులతో కాదు.

"ఎలా ఉందే?"

"ఏమీ లేదు అత్తయ్యా. గోడ తడిసింది."

గోడ తడిసింది! చందమామల్లోంచి, త్రికోణాల్లోంచి, పొర్లి పొర్లి జిగురు కారుతోంది... గడప వైపు జారుతోంది... సందులోంచి కిందికి దిగుతోంది... కపాలం కళ్ల గుంటలు నిండాయి. దారం మీద తొలి బొట్టు పడింది!

ఫోకాస్ గ్లాసు విసిరేసి లేచాడు. గడప రాయి కింద గునపం దూర్చి ఎత్తాడు. మోకాళ్ల మీద పడి, రెండు చేతులూ గూట్లో పెట్టి జిగురు గోకడం మొదలుపెట్టాడు. దారం చుట్టూ అది అప్పటికే గాజులా బిగుసుకుంది. కొత్త జిగురు మణికట్ల దాకా వచ్చింది. వాడు చేతులు లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు. "ఎవరక్కడ!" అని అరిచాడు. ఊరంతా చర్చిలో ఉంది.

నలభై గాట్లు. సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. కీచురాళ్లు ఆగిపోయాయి...

గోడలోని వాళ్లంతా ఒక్కసారిగా కదిలారు. ఆ ఇంటికి వేళయింది. ఆ వేళకు ఒక నీడ కావాలి, మూరెడు నీడ. మొక్కుకున్న దారం జిగురు గడ్డలో మూసుకుపోయి అందడం లేదు. గడప మీద వంగి ఉన్న మనిషి నీడ మాత్రం అందుతోంది. కొలిచినట్టు మూరెడుంది.

గడప కింద ముసలి గొంతు పలికింది. చాలా మామూలుగా, సాయంత్రం ఇంటికి ఆలస్యంగా వచ్చిన కొడుకుతో పలికినట్టే పలికింది.

"వచ్చావా నాయనా. ఎన్నాళ్లు తిప్పావురా నన్ను, ఇంటింటికీ. రా, నా పక్కన చోటుంది."

"అమ్మా, వద్దు. అమ్మా, నేనే కదా..."

"నువ్వేనని తెలుసురా," అంది కపాలం.

నీడ మొదట పోయింది. వాడి మోకాళ్ల కింది నుంచి జారి, గడప ఎక్కి, గోడలోకి పాకింది! వెనకాలే వాడూ వెళ్లాడు. ఎలా వెళ్లాడో ఆర్గిరో చూసింది, లోపలి నుంచి చూసిన ఏకైక మనిషి ఆమే. తరవాత ఎన్నేళ్లయినా ఆ ముక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు. గోడ ఆమెను వదిలింది. కుమ్మరి థెమెలిస్ పక్కకు తప్పుకుని దారిచ్చాడు. "పో అమ్మాయ్," అన్నాడు...

ఆ క్షణాన స్మరాగ్దా నలభై ఒకటో గాటు పెట్టింది. చెట్టు నుంచి ఒక తెల్లటి బొట్టు, చెట్టు నుంచే, ఊరి, నిలిచి, తెల్లమట్టి మీద పడింది.

ఆర్గిరో ఒళ్లు ఎగిరిపడింది. అరిచింది. ఆ అరుపు చర్చి గంటల మీదుగా ఊళ్లోకి వెళ్లింది. నలభై రోజుల నొప్పి ఒక్కసారి వచ్చి మీద పడింది. కాలిన చెయ్యి, సూది దిగిన వేలు, వీపు మీద నలభై గాట్లు, ఫోన్‌లో మొగుడన్న మాట, అన్నీ...

"నొప్పి... అత్తయ్యా, నొప్పి. నొప్పిగా ఉంది."

స్మరాగ్దా ములుకు దూరంగా పారేసింది. కోడలి తల ఒళ్లోకి తీసుకుంది. "అరువు తల్లీ," అంది. "ఇంకా గట్టిగా అరువు. ఆపకు."

*

ఇప్పుడు ఆ ఇంటి గడప పక్కన గోడ మీద, చందమామల వరసకు కింద, మోకాళ్ల మీద వంగిన మనిషి ఆకారం నల్లగా ఉంది. రెండు చేతులూ నేలలోకి దిగి ఉంటాయి. సున్నం ఎన్నిసార్లు వేసినా తేలుతుంది. వచ్చినవాళ్లంతా ముచ్చటపడి దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. కానీ ఎవరూ ఒక రాత్రికి మించి ఆ ఇంట్లో ఉండరు. ఎందుకో పొమ్మన్నట్టుగా ఉందంటారు.

ఆ ఏడు పనాయియా తల్లి చెట్టు జిగురు ధూపానికి రాలేదు. స్మరాగ్దా ఖాళీ పెట్టె పట్టుకుని చర్చికి వెళ్లి, ఫాదర్ ముందు మోకరిల్లి, పండుగనాడు ఇనుము ముట్టానని చెప్పుకుంది. ఆయన ఏం శిక్ష వేశాడో ఆమె చెప్పలేదు. ఆ సాయంత్రం కోడలు గాయాలతో లేవలేదని తనే సూప్ కాచింది.

ఆర్గిరో ఒక చెంచా తాగింది. మొహం చిట్లించింది.

"ఉప్పు డబ్బా గుమ్మరించారా అత్తయ్యా? మీ అబ్బాయి ఓడెక్కి పారిపోయింది ఇందుకేనా?"

"నోరు లేచిందే మళ్లీ," అంది స్మరాగ్దా. గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకుని, చాలాసేపటి దాకా బయటికి రాలేదు.